తూటా ఫిరంగిది, విమానానిది కాదు

విమాన ఫిరంగుల తూటాలు సేకరించేవారి మధ్య ఎప్పుడూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఇది ఏ విమానానిది?" అడిగేవారి ఉత్సాహం నాకు అర్థమవుతుంది. నన్ను ఈ సేకరణలోకి తెచ్చింది కూడా ఆ ఉత్సాహమే. అయినా గుర్తింపు పని ఈ ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతుందని నా గట్టి నమ్మకం. తూటాను తయారుచేసేది ఒక విమానం కోసం కాదు, ఒక ఫిరంగి కోసం. అది ఏ ఛాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గదిలో) ఇమడాలి, ఎలా అంటుకోవాలి, ఏ బ్యారెల్ గుండా వెళ్లాలి అన్నవే దాని ఆకారాన్ని నిర్ణయిస్తాయి. ఆ ఫిరంగిని ఏ రెక్కలో అమర్చారో, ఏ ఓడ మీద బిగించారో తూటా ఒంటి మీద ఎక్కడా రాసి ఉండదు.

హిస్పానో 20 మిల్లీమీటర్ల ఫిరంగినే తీసుకోండి. స్పిట్‌ఫైర్, హరికేన్, బ్యూఫైటర్, మస్కీటో, టైఫూన్, టెంపెస్ట్ అన్నీ దాన్ని మోశాయి. అమెరికన్ల పీ-38 ముక్కులో అదే ఉంది. తొలి తరం జెట్‌లైన మీటియర్, వాంపైర్‌లలోనూ అదే. ఇన్నింటికీ ఒకటే కేసు, అంటే మందు నింపి మూతిలో గుండు బిగించే లోహపు గొట్టం. అయినా అమ్మకానికి వచ్చే ప్రతి హిస్పానో తూటా "స్పిట్‌ఫైర్ తూటా" అయిపోతుంది, అదీ 1940 నాటి బ్రిటన్ గగనతల యుద్ధానిది అయిపోతుంది. ఆ ఏడాది వేసవిలో స్పిట్‌ఫైర్లలో దాదాపు అన్నీ ఎనిమిదేసి .303 మెషిన్ గన్లతో ఎగిరాయి. ఫిరంగులున్న కొద్దిపాటి విమానాలు 19వ స్క్వాడ్రన్‌కు వచ్చాయి, అవి తరచూ మొరాయించాయి. చేతిలో ఉన్న కేసు అడుగున 1943 అని ముద్ర ఉంటే ఆ కథ అక్కడితో ముగిసినట్టే. అలాంటి తూటా మీద ఆ కథ రాసిన చీటీ అతికించి అమ్మడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు. చరిత్ర మీద ప్రేమతో వచ్చిన కొత్తవారిని తొలి అడుగులోనే మోసగించడం అది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సోవియట్ ష్వాక్ ఫిరంగి తూటా, అంటే 20×99ఆర్ (ఈ సంఖ్యల అర్థం కాసేపట్లో చెబుతాను), యుద్ధ విమానాల్లోనే కాక టీ-60 తేలికపాటి ట్యాంకులోనూ పనిచేసింది. అమెరికన్ 20×102 తూటా ఎఫ్-104 నుంచి ఎఫ్-16 దాకా ఎన్నో విమానాల్లోని ఎం61 వల్కన్‌కు చెందినదే, కానీ నేల మీది విమాన విధ్వంసక బండ్లలోనూ, ఓడలను కాపాడే ఫాలాంక్స్‌లోనూ అదే కేసు. జర్మన్ ఎంజీ 151/20కు చెందిన 20×82 తూటా అనగానే అందరూ మెస్సర్‌ష్మిట్ అంటారు. ఇటలీ మాకీ సీ.205 రెక్కల్లో, జపాన్ కి-61 రెక్కల్లో కూడా ఆ ఫిరంగే ఉండేదని ఆ క్షణంలో గుర్తుకురాదు. పైగా ఆ కేసును దశాబ్దాల తరువాత దక్షిణాఫ్రికాలో మళ్లీ వాడారు.

కొలతల్లోకి వెళ్లే ముందు ప్రాణానికి సంబంధించిన సంగతి చెప్పాలి. గుర్తింపులో మొట్టమొదటి ప్రశ్న "ఇది ఏమిటి" కాదు, "ఇది ఖాళీదేనా" అన్నది. 20 మిల్లీమీటర్లు, అంతకు మించిన తూటాల్లో గుండు చాలాసార్లు ఉత్త లోహపు ముద్ద కాదు. ఫ్యూజు (గుండును పేల్చే సాధనం) బిగించిన చిన్న బాంబు. ఎం61 వాడే ఎం56 రకం గుండులో పది గ్రాములకు కాస్త అటూ ఇటూగా పేలుడు పదార్థం ఉంటుంది. పేలుడు పదార్థం పావు ఔన్సు, అంటే సుమారు 7 గ్రాములు మించిన గుండును అమెరికన్ చట్టం విధ్వంసక ఆయుధంగా పరిగణిస్తుంది. ప్రతి దేశానికీ తనదైన నియమం ఉంది, దాన్ని కొనకముందే తెలుసుకోవాలి.

నీలి రంగు చూసి ధైర్యపడేవారు చాలామంది. అమెరికన్, నాటో పద్ధతిలో నీలం అంటే శిక్షణ కోసం అని అర్థం, ఖాళీ అని కాదు. శిక్షణ తూటాను కూడా ఫిరంగిలో పెట్టి పేలుస్తారు. కాబట్టి కేసులో మందు, అడుగున ఆ మందును అంటించే ప్రైమర్ ఉంటాయి, కొన్నింటిలో గుండు వెనుక ట్రేసర్ (వెలుగుతూ దారి చూపే మందు) కూడా ఉంటుంది. నిజంగా ఏమీ లేని డమ్మీకి అక్కడ కేటాయించిన రంగు కంచు రంగు. ఆ రంగు కూడా ఎవరో ఇంట్లో పూసింది కావచ్చు. కేసుకు పక్కన రంధ్రాలుంటే మందు తీసేశారని మాత్రమే తెలుస్తుంది. గుండు సంగతి తెలియదు. ప్రైమర్ మీద దాన్ని కొట్టే సూది గుర్తు ఉంటే ప్రైమర్ పేలిందని మాత్రమే తెలుస్తుంది. గుండు సంగతి అప్పుడూ తెలియదు. కేసు, గుండు రెండూ ఖాళీవని వేర్వేరుగా, అర్హత ఉన్నవారి చేత తేలాలి. తేలేదాకా ఊపి చూడటం, మర పట్టి తిప్పడం, గోకడం, వేడి చేయడం ఏదీ వద్దు. ఈ విషయంలో నాకు రాజీ లేదు. "ఎనభై ఏళ్లు దాటింది, ఇంకేం పేలుతుంది" అనేవారి పక్కన నిలబడను.

ఖాళీ అని తేలాక పని హాయిగా సాగుతుంది. వెర్నియర్ కాలిపర్ ఉంటే చాలు. ఈ రంగంలో తూటా పేరు రెండు సంఖ్యలు: బ్యారెల్ వ్యాసం, కేసు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. వెనుక వచ్చే అక్షరం కేసు అడుగున ఉండే అంచు ఎలాంటిదో చెబుతుంది. ఆర్ అంటే కేసు ఒంటికన్నా బయటికి పొడుచుకొచ్చిన అంచు. ఆర్‌బి అంటే ఒంటికన్నా చిన్నదైన అంచు. బి అంటే అంచుకు కాస్త పైన ఉబ్బెత్తు పట్టీ. అక్షరం లేకపోతే అంచు, ఒళ్లు సుమారు సమానమని.

గుండు వ్యాసం కొలిచేటప్పుడు అందరూ తడబడేది రాగి పట్టీ దగ్గర. గుండు నడుముకు చుట్టి ఉండే ఆ పట్టీ బ్యారెల్‌లోని గాళ్లలోకి ఒరుసుకుంటూ దిగి గుండును తిప్పాలి కాబట్టి అది ఉద్దేశపూర్వకంగానే లావుగా ఉంటుంది. దాని మీద కొలిస్తే 20 మిల్లీమీటర్ల గుండు 21కి దగ్గరగా కనిపిస్తుంది. కొలవాల్సింది పట్టీకి పైన, నున్నటి భాగం మీద.

రెండు సంఖ్యలూ దొరికాయి కదా అని ఆగిపోతే ఏమవుతుందో చెప్పడానికి 20×110 కన్నా మంచి ఉదాహరణ లేదు. ఒకే వ్యాసం, ఒకే పొడవు, కానీ మూడు వేర్వేరు తూటాలు. ఒకదాని ఫిరంగిలో ఇంకొకటి పనిచేయదు. మొదటిది పైన చెప్పిన హిస్పానో. రెండోది యుద్ధనౌకల మీద విమానాలను కూల్చడానికి వేల సంఖ్యలో బిగించిన ఓర్లికాన్ ఎస్ తూటా, 20×110ఆర్‌బి. మూడోది అమెరికన్ నౌకాదళం ఎంకే 12 ఫిరంగి కోసం తయారుచేసుకున్నది. ఏ-4 స్కైహాక్, ఎఫ్-8 క్రూసేడర్ విమానాలు దాన్ని పేల్చాయి. పొడవు పట్టుకుని కూర్చుంటే మూడూ ఒకటే. తిరగేసి అడుగు కొలిస్తే క్షణంలో విడిపోతాయి. నౌకాదళపు కేసు అడుగు హిస్పానో కన్నా నాలుగైదు మిల్లీమీటర్లు వెడల్పు, పైగా దాని ప్రైమర్ విద్యుత్తుతో అంటుకునే రకం. ఓర్లికాన్ అంచు కేసు ఒంటిలోకి కుంచించుకుపోయి ఉంటుంది. కొత్తవారు కొలతలు పంపినప్పుడు అడుగు వ్యాసం లేకపోతే నేను జవాబు రాయను, ముందు దాన్ని కొలవమంటాను.

ఓర్లికాన్ అంచు అలా కుంచించుకుపోవడానికి వెనుక ఉన్న కారణం ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆ ఫిరంగిలో పేలేటప్పుడు ఛాంబర్‌ను వెనుక నుంచి బిగించే తాళం అనేదే లేదు. తూటాను ఛాంబర్‌లోకి నెట్టే బరువైన బోల్టు ముందుకు దూసుకొస్తూ, ఇంకా కదలికలో ఉండగానే ప్రైమర్‌ను కొడుతుంది. పేలుడు మొదట ఆ వేగాన్ని ఆపాలి, ఆ తరువాతే వెనక్కి నెట్టాలి. ఆ కొద్ది క్షణాలూ కేసు ఛాంబర్ గోడల ఆసరాలోనే ఉండాలి కాబట్టి ఛాంబర్‌ను అవసరానికి మించి లోతుగా చేశారు. కేసుతోపాటు బోల్టు ముఖం, కేసును పట్టుకునే కొక్కెం కూడా ఛాంబర్ లోపలికి దూరాలి. అంచు ఒంటి అంత వెడల్పుగా ఉంటే కొక్కేనికి చోటు ఉండదు. అందుకే అంచు చిన్నది. జర్మన్ ఎంజీ ఎఫ్ఎఫ్ 20×80ఆర్‌బి, జీరో విమానం మోసిన జపాన్ నౌకాదళపు టైప్ 99 తూటాలు 20×72ఆర్‌బి, 20×101ఆర్‌బి, బాంబర్లను చీల్చిన ఎంకే 108 తూటా 30×90ఆర్‌బి అన్నీ ఈ కుటుంబమే. అంచు మీద వేలు పెట్టి తడిమితే చాలు, తూటా వెనుక ఉన్న యంత్రం ఎలా కదిలేదో తెలుస్తుంది. "ఇది జీరోది" అన్న చీటీ ఈ జ్ఞానంలో పదో వంతు కూడా ఇవ్వదు.

అడుగు దగ్గరే ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ చదవాల్సింది చాలా ఉంది. ప్రైమర్ మధ్యలోని గుండ్రటి బొత్తానికి, చుట్టూ ఉన్న లోహానికి మధ్య సన్నటి వేరే పదార్థపు వలయం కనిపిస్తే అది విద్యుత్ ప్రైమర్. ఎం61 తూటాలు, ఏడెన్ ఫిరంగి 30×113బి తూటాలు అలాంటివి. ఎంజీ 151/20కు సూది రకం, విద్యుత్ రకం రెండూ ఉన్నాయి. ప్రొపెల్లర్ రెక్కల మధ్య నుంచి కాల్చాల్సిన జర్మన్ యుద్ధ విమానం ఎఫ్‌డబ్ల్యూ 190 రెండోదాన్ని వాడింది. రష్యన్ 30×165 కేసు చూడటానికి ఒకటే, కానీ మిగ్-29 లోని జీఎస్‌హెచ్-301 విద్యుత్ ప్రైమర్ కోరుతుంది, పదాతిదళ వాహనాల మీది 2ఏ42 సూది ప్రైమర్ కోరుతుంది. అంటే ఆ తూటా ఈ రెండు ఫిరంగుల్లో దేనిదన్నది తేల్చేది ప్రైమరే. విద్యుత్ ప్రైమర్ పేలినా సూది గుంట పడదు. గుంట లేదు కాబట్టి పేలలేదనీ, పేలినట్టే ఉంది కాబట్టి ప్రమాదం లేదనీ రెండు వైపులా పొరబడే అవకాశం ఉంది. దాన్ని మల్టీమీటర్ పెట్టి పరీక్షించాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే వెంటనే మానుకోవాలి. విద్యుత్తు తగిలితే అంటుకోవడమే దాని పని.

ఇక ముద్రలు. అమెరికన్ హిస్పానో కేసు మీద ఎం21ఏ1 అని, 20×102 కేసు మీద ఎం103 అని కేసు నమూనా పేరే ఉంటుంది. ఇక్కడ కొత్తవారు ఒక పొరపాటు చేస్తారు: ఆ పేరును తూటా మొత్తానికి అంటగట్టి, ఎం103 అనే గుండు కోసం వెతుకుతారు. అది కేసు పేరు మాత్రమే. బ్రిటిష్ ముద్రల్లో ప్రభుత్వ సొత్తుకు గుర్తయిన బాణం, ఆర్‌జీ వంటి కార్ఖానా అక్షరాలు, సంవత్సరం ఉంటాయి. ఆర్‌జీ అంటే రాడ్వే గ్రీన్ కార్ఖానా. యుద్ధకాలపు జర్మన్లు కార్ఖానాల పేర్లను రెండు మూడు చిన్న అక్షరాల రహస్య సంకేతాల వెనుక దాచారు. సోవియట్ ముద్రలో కార్ఖానా సంఖ్య ఉంటుంది. ముద్రలోని సంవత్సరం కేసుదే. గుండు మరో ఏడాదిది, మరో కార్ఖానాది కావడం మామూలే.

కేసు లోహం గురించి క్లుప్తంగా. ఇత్తడి కొరత వల్ల జర్మన్లు లక్క పూసిన ఉక్కు కేసులకు మళ్లారు. ఏ-10 విమానంలోని జీఏయూ-8 తూటా, 30×173, బరువు తగ్గించడానికి అల్యూమినియం కేసుతో వచ్చింది, దాని గుండు చుట్టూ రాగికి బదులు ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి.

ఇక్కడ నాకు కోపం తెప్పించే అలవాటు గురించి చెప్పాలి: మెరుగుపెట్టడం. పాత కేసును రసాయనంలో ముంచి, చక్రానికి పట్టి, అద్దంలా మెరిపించి అల్మరాలో నిలబెడతారు. ఆ మెరుపుకోసం పోగొట్టుకున్నది ఏమిటో లెక్కేయండి. ప్రైమర్ చుట్టూ తడి చొరకుండా పూసే రంగు లక్క పోయింది. కేసు మెడ మీద కాల్చి మెత్తబరచినప్పుడు పడిన నీలి ఛాయ పోయింది. ఉక్కు కేసు మీది లక్క పోయింది. హిస్పానో కేసు ఛాంబర్‌లో ఇరుక్కోకుండా రాసిన మైనపు జాడ పోయింది. అన్నిటికీ మించి సిరాతో అచ్చు వేసిన అక్షరాలు పోయాయి. సోవియట్ కేసుల మీద ఓఎఫ్‌జెడ్, బీజెడ్‌టీ వంటి అక్షరాలే గుండు స్వభావాన్ని చెబుతాయి: మొదటిది తునకలు చిమ్మి, పేలి, నిప్పంటించేది; రెండోది కవచం తూట్లు పొడిచి, నిప్పంటించి, దారి చూపేది. చక్రానికి ఒక్క చుట్టు పట్టగానే ఆ సాక్ష్యం శాశ్వతంగా చెరిగిపోతుంది. మెత్తటి పొడిగుడ్డకు మించినది ఏదీ తూటాను తాకకూడదు.

గుండు రంగును చివరికి ఉంచాను, కావాలనే. అందరూ మొదట చూసేది రంగే, అందరికన్నా సులభంగా అబద్ధం చెప్పేదీ రంగే. ఇప్పటి అమెరికన్ పద్ధతిలో పసుపు పేలుడుకు, ఎరుపు నిప్పుకు, నలుపు కవచభేదనకు గుర్తు. అదే పట్టికను వేరే దేశపు, వేరే దశాబ్దపు గుండు మీద పెడితే అర్థం మారిపోతుంది. రంగు వెలిసిపోతుంది, తుప్పు దాన్ని మింగుతుంది, అమ్మేవాడు మళ్లీ పూస్తాడు. ఆకారం అంత తేలిగ్గా మారదు. జర్మన్ల 20 మిల్లీమీటర్ల "మైన్" గుండును చూడండి. మామూలు గుండును దిమ్మె నుంచి తొలిచి చేస్తే, దీన్ని ఉక్కు రేకును లోతుగా సాగదీసి పల్చటి గోడలతో చేశారు. అందుకే 92 గ్రాముల గుండులో 18 గ్రాముల దాకా పేలుడు పదార్థం పట్టింది. అంత తేలికైన గుండు వచ్చాక ఎంజీ ఎఫ్ఎఫ్ కదలికనే మార్చాల్సి వచ్చి, ఎంజీ ఎఫ్ఎఫ్/ఎం పుట్టింది. కేసు కొలత ఒకటే అయినా రెండింటి తూటాలు ఒకదానికొకటి చెల్లవు. ఖాళీ చేసిన మైన్ గుండును చేతిలోకి తీసుకుంటే, రంగు ఒక్క చుక్క లేకపోయినా, ఆ పల్చదనమే దాని పేరు చెబుతుంది.

గుండు, కేసు ఒకదానితో ఒకటి పుట్టినవేనా అన్నది మరో పరీక్ష. రాగి పట్టీ మీద వాలుగా చెక్కినట్టు గీతలుంటే ఆ గుండు ఒకసారి బ్యారెల్ గుండా వెళ్లింది. అలాంటి గుండు కేసు మూతిలో కూర్చుని కనిపిస్తే, ఎవరో ఎక్కడో ఏరి తెచ్చి పెట్టారన్నమాట. కేసు మూతిని గుండు గాడిలోకి నొక్కిన గుర్తులు లేకపోయినా అనుమానించాలి. ఇలా జతకట్టినవాటిని పారేయమని నేను అనను. కానీ వివరాల చీటీలో వాటిని రెండు వస్తువులుగా రాయాలి.

కొలతలు పెట్టుకు కూర్చుంటే కథ చచ్చిపోతుందని కొందరు నాతో వాదిస్తారు. నేను ఒప్పుకోను. 23×115 కేసు అడుగును కొలిచి, పక్కన 14.5×114 భారీ మెషిన్ గన్ కేసు అడుగును కొలవండి, ఒకటే వస్తుంది. ట్యాంకు కవచాన్ని తూట్లు పొడవడానికి పుట్టిన తూటా మెడను సాగదీసి, తేలికైన విమాన ఫిరంగి ఎన్ఎస్-23 కోసం వాడుకున్నారు. మిగ్-15 మోసిన ఎన్ఆర్-23 కూడా ఆ కేసుదే. జర్మన్లు 15×96 కేసును పొట్టి చేసి మెడ వెడల్పు చేస్తే 20×82 వచ్చింది, మొత్తం పొడవు మారలేదు కాబట్టి అదే ఫిరంగికి బ్యారెల్ మారిస్తే దాదాపు సరిపోయింది. ఇల్-2 విమానంలోని వీయా ఫిరంగి 23×152బి కేసు యుద్ధం తరువాత నేలకు దిగి జెడ్‌యూ-23 విమాన విధ్వంసక ఫిరంగిలోకి వెళ్లింది. ఇత్తడి పోయి ఉక్కు వచ్చింది, ప్రైమర్ మారింది, ఒకదాని తూటా ఇంకొకదానికి పనికిరాకుండా పోయింది. జర్మన్ల ఎంజీ 213 ఫిరంగి యుద్ధంలో ఒక్క గుండూ పేల్చకుండానే ముగిసినా, దాని తిరిగే ఛాంబర్ల ఆలోచన బ్రిటన్‌లో ఏడెన్‌గా, ఫ్రాన్స్‌లో డెఫాగా, అమెరికాలో ఎం39గా బతికింది. ఇవన్నీ కథలు కాకపోతే మరేమిటి? ఇవి కాలిపర్ పట్టుకున్నవారికి మాత్రమే దొరుకుతాయి.

అంతర్జాతీయ తూటా సేకర్తల సంఘాల్లో, ఇతర సేకర్తల దగ్గర గుర్తింపు కోసం అడిగేటప్పుడు పంపాల్సినవి ఇవి: కేసు పొడవు, అంచు వ్యాసం, అంచుకు కాస్త పైన ఒంటి వ్యాసం, మూతి దగ్గర వ్యాసం, గుండు వ్యాసం పట్టీకి పైన కొలిచి. అడుగు నిటారుగా కనిపించే ఫోటో ఒకటి, పక్కన స్కేలు పెట్టి పూర్తి నిలువు ఫోటో ఒకటి, ప్రైమర్ దగ్గరగా ఒకటి. అన్నీ పగటి వెలుతురులో, గుడ్డతో కూడా తుడవకముందే తీయాలి. నేలలో దొరికిన గుండు అయితే ఈ పద్ధతి వర్తించదు. కాల్చినా పేలని గుండు ఫ్యూజు, తిరిగిన వేగానికి సిద్ధమైపోయి ఆగి ఉంటుంది. కాల్చని దానికన్నా అదే ఎక్కువ ప్రమాదం. దాన్ని కొలవకూడదు, కదపకూడదు, ఫోటో కోసం దగ్గరికి వెళ్లకూడదు. చోటు గుర్తుపెట్టుకుని, చుట్టుపక్కల వారిని దూరంగా ఉంచి, పోలీసులకు చెప్పాలి.